ఫ్యాన్ ఒకటి మీద

డిసెంబర్ పొద్దుగాల కాటేదాన్ల
పన్నెండు డిగ్రీలట.
బస్టాప్ మొత్తం మంకీ టోపీల్లకెళ్లి
నా సగం చేతుల అంగిని చూస్తది.

ఎనిమిదేండ్లు చేపల గోదాంల
మైనస్ పద్దెనిమిదిల డబ్బాలు మోసినోన్ని.
మీసాల మీద మంచు పేరుకుంటే
గోరుతోని గీక్కున్నోన్ని.
ఇదేం సలి?

అది బయటి ముచ్చట.
ఇంట్ల, మే నెలల సుత
నాకు ఫ్యాన్ ఒకటి మీదనే ఉండాలె.
సువార్త ఐదు మీద పెడ్తది,
నేను తగ్గిస్త,
మల్ల పెడ్తది.
రెగ్యులేటర్ మీద అంకెలు అరిగిపోయినయ్,
ఎవరు గెలిచిన్రో తెల్వదు.

ఎముకల్ల ఏదో డబ్బా ఒకటి
ఇంక కరుగుతలేదు.

రాత్రి నా పాదం తగిలితే
"వామ్మో, ఐసుగడ్డ!" అని అరుస్తది.
తిట్టుకుంటనే
రెండు పిక్కల నడుమ ఇరికించుకుంటది.