తలకిందుల ముక్కోణం

అక్టోబరులో రెడ్ రివర్ లోయ నిద్రపోదు.
నేల గడ్డకట్టకముందే బీట్‌దుంపలు గుట్టకి చేరాలి.
రాత్రి రెండింటికి, పదిహేను టన్నుల మట్టివాసన వెనకేసుకుని
పన్నెండో నంబరు కంకరరోడ్డు మీద నేను.

ముందు యీల్డ్ బోర్డు.
జింక దొరకని కోపం ఎవడో దాని మీద తీర్చుకున్నాడు, మూడు చిల్లులు.
మంచు కప్పేసినా పోల్చుకోవచ్చు:
తలకిందులుగా నిలబడ్డ బోర్డు అదొక్కటే.

ఆగమని అనదది. దాంతో చిక్కే అది.
ఆగమంటే ఆగుతాం, పొమ్మంటే పోతాం.
ఇది చూసుకోమంటుంది,
చూసింది చాలిందో లేదో నిన్నే తేల్చుకోమంటుంది.

లైసెన్సు పరీక్షనాడు ముసలి హాల్వర్ చెప్పాడు:
"చట్టం ఎవరికీ దారి ఇవ్వదమ్మాయ్,
ఎవరు వదులుకోవాలో చెబుతుంది, అంతే.
ఆగకుండా దాటి గుద్దావా,
వేరే సాక్షి అక్కర్లేదు. ఆ గుద్దుడే సాక్షి."
పదహారేళ్ల నాకు నవ్వొచ్చింది.

నలభై ఆరేళ్లప్పుడు, ఒక ఆగస్టులో,
మొక్కజొన్న ట్రక్కు అద్దమంత ఎత్తు పెరిగి ఉంది.
చూశాననుకున్నాను.
చూడ్డానికీ చూశాననుకోడానికీ మధ్య
లైల్ బ్రెక్కే పికప్ పట్టింది.

బతికాడు. ఎడమకాలు మునుపటిలా లేదు.
నేను తప్పు ఒప్పుకుని జుల్మానా కట్టాను.
చర్చిలో కాఫీ బల్ల దగ్గర ఇప్పటికీ పంచదార అందిస్తాడు,
ఆ రోడ్డు మాట మాత్రం ఎత్తడు.

ఈ రాత్రి పెద్దరోడ్డు మీద రెండు దీపాలు,
ఒకటి పసుపు, ఒకటి తెలుపు.
ఆ లారీ ఎవరిదో ఊరందరికీ తెలుసు.
దారి అతనిది. ఐనా నెమ్మదించాడు,
కూడలికి అవతలే పూర్తిగా ఆపాడు,
దీపాలు రెండుసార్లు ఆర్పి వెలిగించాడు:
వెళ్లు, మార్లిస్.

బ్రేకు మీద నా కాలు వణికింది.
వెనక దుంపలు ఒకదాని మీదొకటి సర్దుకున్న చప్పుడు.
క్లచ్ వదిలితే చాలు.
కానీ లైల్, నీ వెనక వచ్చేవాడు నిన్ను దాటుకు వస్తేనో?
మర్యాదకి మోసపోయి చచ్చినవాళ్లూ ఉంటారు.
అసలు సంగతి అదీ కాదులే.
నువ్విచ్చేది నేను తీసేసుకుంటే
నేనివ్వాల్సింది ఎప్పుడిస్తాను?

దీపం ఆర్పలేదు, చెయ్యి ఊపలేదు.
ఊరికే ఉన్నాను.
నిమిషం పట్టిందేమో. రెండు ఇంజన్లూ గొణుక్కున్నాయి.

అప్పుడు కదిలింది అతని లారీ.
పసుపు దీపం, తెలుపు దీపం,
చీకట్లో కొండలా దుంపలు,
చివర ఒక ఎర్రచుక్క.

అది కనుమరుగయ్యాక
ఎడమకి చూశాను. కుడికి చూశాను.
మళ్లీ ఎడమకి.