ఉప్పు చార

బ్రిటనీ తీరంలో ఆ ఏడు చలి ముందే దిగింది.
పిండిమర రివాల్ చెరువు దగ్గర దొరికాడు,
ముఖం నీళ్ళలో, ఒళ్ళు గట్టు మీద.
"తాగి పడ్డాడు" అని
జమీందారు గుమస్తా ఒక్క వాక్యం రాసి
సిరా మీద ఇసక చల్లాడు.

శవానికి కొత్త గుడ్డ చుట్టారు.
పాత చొక్కా
రేవులో అజెనోర్ తట్టలోకి వచ్చింది,
అందరి మురికీ వచ్చినట్టే.

చదువు రాదామెకి.
ఏ ఇంట్లో కడుపు నిలిచిందో, ఏ ఇంట్లో పోయిందో
దుప్పట్లు ముందు ఆమెకే చెబుతాయి.

వెంటనే ముంచలేదు, ఎందుకో. ఆరనిచ్చింది.
వీపు మీద తెల్లగా ఒక చార.
చెమటేమో అనుకుంది.
చెమట ఇలా అంచు దాకా పాకదే!
నాలుక చివర తాకించింది.
ఉప్పు.

ఆ చెరువు నీళ్ళే నలభై ఏళ్ళుగా తాగుతోంది.
సముద్రం రెండు కోసుల దూరం.
చచ్చినవాడు నడిచి వస్తాడా?

ఫాదరీని అడిగితే నీళ్ళు నమిలాడు.
దొంగ ఉప్పు పడవల మాట ఎత్తగానే
సారాకొట్టు మొత్తం పేకముక్కల్లోకి తల దించుకుంది.

శనివారం మూటలు విప్పుతోంది.
మేజోళ్ళు, బల్లగుడ్డలు, పసివాడి పొత్తిగుడ్డలు,
ఒక సన్ననూలు చొక్కా.
చేతులు మోచేతుల దాకా గరగరలాడాయి.
మెడపట్టీ లోపల గుర్తుకుట్టు తనదే:
ఎర్రదారం, రెండు పొడుగు, ఒకటి పొట్టి.
గుమస్తాది.

బూడిదనీళ్ళు కుతకుతలాడుతున్నాయి.
ఒక్క ముంచు చాలు,
ఊరంతా హాయిగా నిద్రపోతుంది.

ఆదివారం చర్చి మెట్ల మీద
అందరూ చూస్తుండగా
మడిచిన చొక్కా అతని చేతిలో పెట్టింది.
"ఇదొక్కటీ ఉతకలేదయ్యా" అంది.
ఆగి,
"దాహమేస్తోందా?"