పంతొమ్మిదో నంబరు

గ్లాస్గో. పొద్దున్న ఎనిమిది.
ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి
మోర్వెన్ నాన్న మాత్రలు సర్దుతోంది.
సోమవారం అరలో నాలుగు,
మంగళవారం అరలో నాలుగున్నర.
"వరుసలో మీరు పంతొమ్మిదోవారు."
మళ్ళీ అదే అరిగిపోయిన సంగీతం.
బడిబస్సు కిటికీ ముందునుంచే వెళ్ళిపోయింది.

పోయినవారం నిజం చెప్పింది, పదిహేనేళ్ళని.
"పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వమ్మా" అన్నారు.
ఇంట్లో లేచి నిలబడగల పెద్దది తనే.

అందుకే ఇవాళ గొంతు కాస్త దించి,
మాటల చివర్లు అమ్మ తెంపినట్టే తెంపి,
"మిసెస్ రాంకిన్‌ని మాట్లాడుతున్నా" అంది.
అపాయింట్‌మెంట్ దొరికింది. గురువారం, రెండుంబావు.

అరచేతిమీద రాసుకుని తలెత్తితే
పక్కగదిలో,
అమ్మ పోయినప్పటినుంచీ గోడవైపే పడుకునే నాన్న
తలుపువైపు తిరిగి
ఆడే చేత్తో
జుట్టు సవరించుకుంటున్నాడు.