పక్కనే

గుణుపురం కోర్టు వీధిలో
కరెంటు ఎప్పుడు పోతుందో ఎవడూ చెప్పలేడు.
అందుకే ముందుగా
సోడా కొట్టు బిసోయి ఇన్వర్టరు నుంచి
వైరు లాగి తెచ్చేడు లొకొనో.
దార్లో పోయేవాళ్ళు తట్టుకోకుండా
దాని మీద గోనెసంచి పరిచేడు,
గోనె ఎగిరిపోకుండా నా చెప్పులు పెట్టేడు.

"కూచో మౌసీ. నువ్వే నొక్కాలి.
నేను ముట్టుకోను."

పదకొండేళ్ళ పిటిషన్లున్నాయి ఇందులో.
పట్టాలు, వారసత్వాలు, పెన్షను అర్జీలు,
ఒరియాలో కొన్ని, తెలుగులో కొన్ని,
ఎవరికీ ప్రింటు తియ్యనిది ఒకటి.
అరిగిపోయిన మీటకి
గోళ్ళ రంగుతో నేనే చుక్క పెట్టుకున్న మిషను.

పెన్‌డ్రైవ్ గుచ్చేం.
నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు
పుట్ట తవ్వితే చీమల్లాగ పైకి పాకేయి.
ఆఖరికి ఒక ప్రశ్న, రెండు వరసలు:
ఉన్నదంతా చెరిపి పెట్టమంటావా?
పక్కనే పెట్టమంటావా?

రెంటికీ మధ్య వేలెడు జాగా లేదు.
"రెండోది" అన్నాడు లొకొనో,
అనీసి గుమ్మం బయటికెళ్ళి నిలబడ్డాడు
పురుటిగది ముందు మొగాడిలాగ.

తరవాత ఒక పట్టీ వచ్చింది, మధ్యన గీత.
దాన్ని లాగాలిట.
ఇటు పాతది, అటు కొత్తది,
ఎవరికెంతో నువ్వే చెప్పాలి.
గీతలు నాకు కొత్తా?
అన్నదమ్ముల భాగపత్రాలు
పేజీకి పది రూపాయల చొప్పున కొట్టినదాన్ని.
నూతిలో సగం, చింతచెట్టులో సగం,
దారికి మూడడుగులు.
అక్కడ అమీను గొలుసు పరిస్తే
రెండు పక్కలా కర్రలు లేచేవి.
ఇక్కడ ఎవరూ అరవలేదు.
పాతదాన్లోంచి ఎనభై తీసి కొత్తదానికిచ్చేను.
పాపం అనిపించి
ఓ పది వెనక్కిచ్చేను.

ముప్పావుగంట.
మధ్యలో వీధంతా ఫేన్లు ఆగిపోయేయి.
గోనె కింద మా వైరు ఆగలేదు.

లేచింది.
తెర మీద రెండు పేర్లు, కింద ఒక అంకె:
పది, తొమ్మిది, ఎనిమిది.
కొట్టు మెట్టెక్కినవాణ్ణి
ఏ భాషలో పలకరించాలో తేల్చుకోడానికి
నాకు ఎప్పుడూ ఇంతసేపు పట్టలేదు.
మూడు దగ్గర నొక్కేను.

అప్పుడు తీసేడు లొకొనో ఫోనులోంచి
ఆ పాత ఫైలు, సవర అక్షరాల చార్టు,
వాళ్ళూరి పిల్లలకని.
ఇదివరకు రెండుసార్లు తెచ్చేడు.
రెండుసార్లూ నా మిషను
పేజీ నిండా ఖాళీ డబ్బాలు పరిచింది.
"ఇది డబ్బా కాదు మౌసీ, మా అక్షరం"
అన్నాడు, మెల్లిగానే.
ఆ డబ్బాల కాగితానికి
రెండేసి రూపాయలు తీసుకున్నాను.

ఏదో ఖతి దించాలన్నాడు. పాస్‌వర్డ్ అడిగింది.
కొడుతూంటే ఒక్క చుక్కా కనబడదు,
చీకట్లో జడ అల్లుకున్నట్టు
వేళ్ళనే నమ్ముకున్నాను.
తప్పు. మళ్ళీ.
తప్పు. మళ్ళీ.
తీసుకుంది.

చార్టు తెరిచేను.
ఒక్క డబ్బా లేదు.
కొక్కేలు, సున్నాలు, వంపులు,
ఒక్కటీ నాకు చదవడం రాదు.
చదివి వినిపించమని నేనడగలేదు,
వాడూ వినిపించలేదు.
ముట్టుకోనన్నవాడు
చూపుడువేలితో తెర మీద
మూడో వరసలో ఒకదాన్ని తాకేడు.

సాయంత్రం పాతదాన్ని లేపేను.
పిటిషన్లన్నీ ఉన్నాయి. ఆ ఒకటీ ఉంది.
గడియారం మాత్రం పదిన్నర అంటోంది,
వీధిలో నాలుగు.
"రెంటికీ టైము కుదరదు మౌసీ,
రేపొచ్చి సరిచేస్తాను."
ఉండనీ అన్నాను.
పొద్దున్న పదిన్నరకి
నేనింకా ఏ వరసా నొక్కలేదు.

నాలుగు రూపాయలు వాడి చేతిలో పెట్టేను.
ఎందుకని అడగలేదు,
లెక్క చూసుకుని జేబులో వేసుకున్నాడు.
గోనె ఎత్తి, వైరు చుట్టి,
బిసోయికి ఇచ్చీడానికి వెళ్ళేడు.
చీకటి పడ్డాక
నా చెప్పులు వెతుక్కోవాల్సొచ్చింది.