ఆకు తునక

నాలుగువేల నాలుగువందల పదిహేడో డ్రమ్ములో
గోరంత ఆకు తునక దొరికిందంట.
ఆ గోరంతకు జవాబు చెప్పను
చిత్తూరు నుంచి గెంట్ దాకా పోయినాను,
ముప్పైమూడు సర్టిఫికెట్లూ
ఊరిబిండి డబ్బా ఒకటీ
అక్క కొడుకు చలికోటూ మోసుకొని.

అది అక్టోబరు.
మనకు శరత్తంటే వెన్నెల,
నీవా ఇసకలో రెల్లుపూలు.
అక్కడ అదే కాలానికి
ఊరంతా రాలిపోతా ఉండాది.

రైలు దిగి వీధిలోకొస్తే
చెట్లన్నీ ఎర్రగా.
మామిడితోటల్లో పెరిగిన కండ్లు గదా,
చిగురనుకున్నాను.
ఒకటొచ్చి కోటు చేతిమీద వాలింది.
చిగురు యాడన్నా రాలతాదా?
తిప్పి చూస్తే ఈనెలు గట్టిపడి,
కాడ కొసన
చెట్టు తానే వదిలేసిన మచ్చ.
ముసలాకు.
మా చెట్టు పుట్టిచ్చేటప్పుడు ఎర్రబడతాది,
వాళ్ళ చెట్టు పంపిచ్చేటప్పుడు.

రాతివంతెన కింద కాలవ
కదలకుండా నిలబడుండాది.
నీళ్ళమీద ఆకులు, పడవల్లో ఆకులు,
ఎన్ని తరాలదో ఆ గంటగోపురం, దాని మెట్లమీద ఆకులు.
మన గోపురానికైతే కలశముండే చోట
అక్కడొక బంగారు రెక్కల పాము,
దాని ముఖం వానవైపుకు.
వీధిలో బల్లేసుకొని కాఫీ తాగే ముసలామె
కప్పులో ఒకటి పడితే
రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టి
మళ్ళీ తాగింది.
నేనక్కడే నిలబడిపోయినాను.
ఈ ఊరేనా
మామీద ఫిర్యాదు రాసింది?

మీటింగులో యోరిస్ అనే పిల్లోడు
గాజుసీసాలో తునకను చూపించినాడు.
ఉడికి, నల్లబడి, ఏ చెట్టుదో తెలీకుండా.
ముప్పావు మిల్లీమీటరు జల్లెడ
అదెట్లా దాటిందో ఇప్పటికీ నాకు తెలీదు.
పటాలు చూపించినాను, తప్పయిందన్నాను,
నాకొచ్చిన ఇంగ్లీషులో, వాడికొచ్చిన ఇంగ్లీషులో.
ధర రొంత తగ్గించుకొని చేయి కలిపినాడు.
మంచోడే.
బూటుకంటుకున్న ఆకునొకదాన్ని
కార్పెట్టుమీద వదిలేసి లేచినాడు,
అదీ చూసుకోకుండా.

రాత్రి గదిలో రొట్టెకు ఊరిబిండి పూసుకొని తింటావుంటే
గంటలు మోగినాయి,
ఒకటి రెండు కాదు, చేతికొచ్చిన పాట మాదిరి.
కారానికో దేనికో కండ్లు చెమర్చినాయి.
చెంగమ్మ గుర్తుకొచ్చింది.
ఆ డ్రమ్ము నిండిన పొద్దు
బెల్టు దగ్గర ఉండింది ఆమే.
రిజిస్టరులో పేరు రాసిచ్చింది నేనే.
పదకొండు రోజుల కూలి కోసినారామెకు,
ఆ తర్వాత నాకు విమానం టికెట్టు తీసినారు.

తిరిగొచ్చేసరికి ఇక్కడ వానలు.
గంగాసాగరం దారిపొడుగునా మామిళ్ళు
రాగిచెంబుల మాదిరి చిగురేసుండాయి.
ఫ్యాక్టరీలో జామపండు దిగతా ఉండాది.
సర్టిఫికెట్ల నడుమ నలగకుండా తెచ్చిన ఆకును
చెంగమ్మ చేతిలో పెట్టినాను.
ట్యూబులైటుకు పట్టి చూసింది.
"ఊరంతా ఇవేనా?"
"ఊరంతా."
"ఎవురేరతారమ్మా?"
"పొద్దున్నే ఒక బండొచ్చి పీల్చుకొని పోతాది."
"అది ఒకటి మరిస్తే?
దానికెన్ని దినాల కూలి కోస్తారు?"

నవ్వలేదు, కోపంగానూ అనలేదు,
బస్సెన్నింటికని అడిగినట్టు అడిగింది.
లోపలికి తేకూడని వక్కాకు తిత్తి
నడుములోంచి తీసింది.
నేను గోడ గడియారం చూసినాను.
తమలపాకుల నడుమ ఆ ఎర్రదాన్ని దోపి,
"పోయేటప్పుడు ఇంత సింగారమా దీనికి" అని
వలటోపీ చెవులమీదికి లాక్కునింది.

సైరను కూసింది. బెల్టు కదిలింది.
జామకాయలు,
ఒక్కో కాయకు రెండేసి ఆకులు.