ఏడు జతలు

మా జట్టులో పన్నెండుమందిమి.
బూట్లు మాత్రం ఏడు జతలు,
కాశీబుగ్గ డిగ్రీ కాలేజీ స్పోర్ట్సు బీరువాలో.
తాళంచెవి పీడీ మాస్టారి విజిలు తాడుకి.

మట్టి మీద ఆడినన్నాళ్ళూ బూట్లతో పనేముంది?
వేళ్ళు నేలలోకి గుచ్చుకుంటే చాలు.
ఈ ఏడు యూనివర్సిటీవాళ్ళు చాపలు పరిచారు.
పడుకునే చాప కాదు,
నీలం రబ్బరు,
జీడినూనె ఒలికిన గచ్చులా జారేది.

ఆగస్టులో నోటీసుబోర్డు మీద
నా పేరు పన్నెండోది.
కాగితం అడుగున చోటు చాలక
నీలకంఠం అన్న అక్షరాలు
కొంచెం వంగి కూర్చున్నాయి.

సున్నంతో గీతలు గీసేది నేనే.
ఆడనివాడి ఆట అది.
మేకలొచ్చి మధ్యగీత నాకిపోయేవి,
మర్నాడు మళ్ళీ గీసేవాణ్ణి.

దాలినాయుడు ఎడమ మూల.
తెల్లారగట్ల నాలుగింటినుంచీ
ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టి వచ్చేవాడు,
వేళ్ళు నల్లగా, తోలు లేచిపోయి.
ఆ చేతికి చీలమండ దొరికితే
ఎదుటివాడు కూత మానేసి
"మంటెత్తిపోతంది, ఒగ్గీరా బాబూ" అనేవాడు.

కూర్మారావు మా కూత.
అతను గీత దాటితే
మేం పదకొండుమందిమీ ఊపిరి బిగబట్టేవాళ్ళం,
అతనొక్కడే వదిలేవాడు.

మొదటి ఆట నరసన్నపేటలో.
పద్దెనిమిది పాయింట్ల తేడా.
తిరుగు బస్సులో ఎవరూ మాట్లాడలేదు.
ముఖలింగం మాత్రం వేరుశనక్కాయలు ఒలుస్తూ
పద్దెనిమిది దగ్గర ఆపేసి
పొట్లం నా ఒళ్ళో పడేశాడు.

రెండోది మా నేల మీద, వానలో.
బురదకి ఎవరెవరో తెలీక
రిఫరీ ఢిల్లేశ్వరరావుని రెండుసార్లు అవుట్ చేశాడు.
అయినా గెలిచాం.

మూడోది తుపాను ఆడింది.
రాత్రంతా ఒకటే కూత, గుక్క తిప్పకుండా.
తెల్లారేసరికి తోటలన్నీ అవుట్.
ముప్ఫయ్యేళ్ళ జీడిచెట్లు
వేళ్ళు పైకెత్తి పడుకున్నాయి.
పదకొండు రోజులు కరెంటు లేదు.
ఢిల్లేశ్వరరావు ఇంటి కప్పు మీద పడ్డ మానుని
ఏడుగురం గొలుసు పట్టి లాగాం.
ఆ ఒక్కరోజూ ఏడుగురిలో నేనున్నాను.
పీడీ మాస్టారు తడుస్తూ వచ్చి
విజిలు నోటిదాకా తెచ్చి
ఊదకుండా దించేశారు.

నాలుగోది, ఐదోది ఓడాం.
వాటి గురించి చెప్పను.

ఆరోది శ్రీకాకుళంలో, చాప మీద, డిసెంబరు.
ఇంకా రెండు నిమిషాలుంది, మూడు పాయింట్లు వెనక.
కూర్మారావు మోకాలు పట్టుకుని కూలబడ్డాడు.
కూలబడ్డవాడు కూలబడ్డట్టే లేసులు విప్పి
బూట్లు నావైపు తోశాడు.
అతని కాలు తొమ్మిది. నాది ఏడు.
లోపల ఇంకా వెచ్చగా ఉంది.

గీత దాటాను.
కబడ్డీ కబడ్డీ కబడ్డీ
నా గొంతు నాకే కొత్తగా,
అరువు సైకిలు చైనులా గరగరమంది.
మూలనుంచి ఎవడో పొడుగాటివాడు దూకి
చీలమండ అందుకున్నాడు.
చీలమండ కాదు, బూటు.
బూటు వాడి చేతిలో ఉండిపోయింది.
నేను ఒంటికాలి బూటుతో
మధ్యగీత మీద బోర్లా పడ్డాను,
కూత ఇంకా నోట్లోనే ఉంది.

బూటు నా ఒంట్లో భాగమా కాదా అని
పెద్దమనుషులు ముగ్గురు
చాలాసేపు మాట్లాడుకున్నారు.
భాగమే అన్నారు.
ఒక పాయింటు.

రెండు తేడాతో ఓడాం.

పొడుగాటివాడే బూటు తెచ్చిచ్చాడు,
లేసు ముడి గట్టిగా లాగి మరీ.
మోకాలి మీద ఐసుగడ్డ పెట్టుకుని
కూర్మారావు నవ్వుతున్నాడు:
"సైజు సరిపోయుంటే
దొరికిపోదువురా గుంటడా!"

సోమవారం పీడీ మాస్టారు
నాచేతే రిజిస్టరు రాయించారు.
బూట్లు, ఏడు జతలు.
పక్కన 'పరిస్థితి' అని ఇంకో గడి.
అక్కడ పెన్ను ఆగింది.
కిటికీలోంచి చూస్తే మేకలు
మధ్యగీత సగం నాకేశాయి.