మొండిముక్కు రాజు

గుంతకల్లు టేసన్లో మూడో ప్లాట్‌ఫారం కొసన
నీళ్ల కొళాయి పక్కన మా కాపురం.
నలుగురం. ఎవురికెవురూ ఏమీ కాము.
నెట్టికల్లుది మూడుముక్కలాట:
రాణి యాడుందో సెప్పు, పదికి ఇరవై.
రాణి ఎప్పుడూ వాని మోచేతి మడతలోనే.
పక్కీరప్ప శనివారం సాధువు, శుక్రవారం ఫకీరు,
తక్కిన దినాల్లో మోకాళ్లనొప్పుల తైలం.
తిప్పక్క రైలు కదిలే యాలకి మూర్ఛపొయ్యేది.
జనం నీళ్లు సల్లుతాంటే
నేను వాళ్ల సంచులు సూసుకునేవాణ్ణి.
సూసుకోవడమంటే మా బాసలో వేరే.

తొలకరి పడితే తుగ్గలికి పోతాం.
జొన్నగిరి సేన్లలో వజ్రాలు తేల్తాయని
యాడాడి జనమో వచ్చి పడతారు.
పెండ్లాం పుస్తెలు కుదువబెట్టి వచ్చినోడు,
ఆఫీసులో కడుపునొప్పని సెప్పి వచ్చినోడు,
నడుం వంచి, ఎర్రమట్టిని
పేన్లు సూసినట్టు సూస్తా.
వాళ్లు నేలను సూస్తాంటే మేము వాళ్లను సూస్తాం.
ఎవురి పంట వాళ్లది.

సోడాబుడ్డి అడుగు పగలగొట్టి
రాగులిసిరే రాతి మీద నున్నగా నూరితే
మబ్బు పూట అది వజ్రమే.
ఎండ కాసే యాలకి మేము ఆ ఊర్లో ఉండం.

ఒక యేడు వాన మొగం సాటేసింది. జనం రాలా.
ఆదోని కంచరాయన ఒకడు అచ్చు పోసి ఇచ్చినాడు,
ముప్పై బిళ్లలు. ఒక పక్క బట్టతలాయన,
ముక్కు కొస సరిగ్గా పడలా.
ఇంకో పక్క ఏందో పక్షి, కోడో గద్దో.
చింతపండు పులుసులో నానేసి, పేడలో పూడ్చి
వారానికి తీస్తే రెండువేల ఏండ్లు.
"రోము రాజుదన్నా, గుంటక తోల్తాంటే తగిలింది."
రోము యాడుందో మాలో ఎవురికీ తెలీదు.
పక్కీరప్ప మాత్రం బళ్లారి అవతలన్న్యాడు.

పత్తికొండ సంతలో ఒకాయన ఆగినాడు.
తెల్లపంచ, జోబిలో రెండు పెన్నులు, భూతద్దం.
రిటైరైన పంతులంట. తిప్పి తిప్పి సూసి నవ్వినాడు.
మా గుండెలు జారిపాయ.
"ఈ రాజు ఊర్లోనూ మీలాటోళ్లు ఉండ్రి రా" అన్న్యాడు,
మా పక్కనే కూసోని, మా ఉగ్గాని మా బజ్జి తింటా.
పాచికల్లో సీసం పోసేటోళ్లంట.
పూటకూళ్లమ్మకు దుడ్లియ్యకుండా గోడ దూకేటోళ్లంట.
సత్తుగిన్నెను దేవుని గిన్నె అని
ఊరూరా అమ్మేటోళ్లు,
దుడ్డున్నోని ఇంట్లో విందంటే పిలవకుండానే పోయి
పొగిడి పొగిడి తినేటోళ్లు.
తిప్పక్క అడిగింది: "ఆడోళ్లు ఉండ్లేదా సామీ?"
"ఉండ్రి. నీకంటే బాగా మూర్ఛపొయ్యేటోళ్లు."
తిప్పక్క రెండు దినాలు అలిగింది.
నెట్టికల్లు మాత్రం ఒకటే అడిగినాడు:
"వానలప్పుడు వాళ్లు యాడ పండుకుండ్రి?"
పంతులు నమల్డం ఆపి సేనాసేపు యోచన చేసినాడు.
"తెలీదప్పా. అది ఎవురూ రాసిపెట్టలా."

యాభై ఇచ్చి బిళ్ల తీసుకోని పాయ.
మాపటికి టీ అంగడోడు ఆ నోటు దీపానికి పట్టి
మా మొగాన కొట్టినాడు.
వేరే వేరే నోట్ల సగాలు, అన్నం మెతుకుతో అంటించినవి.
నెట్టికల్లు నవ్వినాడు, నవ్వినాడు, దగ్గొచ్చేదాకా:
"మనోడే రా! ఆ రోమూ గీమూ అంతా ఉత్తదేనేమో!"
ఉత్తదో నిజమో, ఆ పొద్దు నుంచి మేము
మా ముందు ఎవురో నడిచిన దోవలో మాదిరి నడిస్తిమి.

ఆ దగ్గు తగ్గలా.
శివరాత్రి ముందర, ఆదోని ఆస్పత్రి వరండాలో పాయ.
నుదుట పెట్టను రూపాయి బిళ్ల కావల్ల.
ముగ్గురి జోబులూ దులిపితే
అగ్గిపెట్టె, రాణి ముక్క,
ఎవురూ తీసుకోని యాభై నోటు,
అమ్ముడుపోని మొండిముక్కు రాజు.
పసుపు తడిపి రాజునే అంటించినాం.
ఇద్దరూ ఒకే మాదిరి ఉండ్రి.

మన్నేసే ముందు గుంత తవ్వినోడు బిళ్ల తీసుకున్న్యాడు.
అది వాని హక్కు.
పంటితో కొరికి సూసినాడు. మమ్మల్ని సూసినాడు.
ఏమీ అన్లా. మొలకు సెక్కుకున్న్యాడు.

మళ్ల తొలకరికి, తుగ్గలిలో,
ఎవుడో నా భుజం తట్టి గుప్పిట తెరిచినాడు.
"రోము రాజుదన్నా. గుంటక తోల్తాంటే."
ముక్కు సూసినా. అంచుకు పసుపు ఇంకా పోలా.
ఎంతంటే యాభై అన్న్యాడు.
బేరమాడకుండా ఇచ్చినా.
నోటు మాత్రం పంతులుదే.